నాన్న మిలిటరీ పెట్టె: తరచూ అడిగే ప్రశ్నలు

ఎర్రగడ్డ ఆదివారం సంతలో దొరకని వస్తువు లేదంటారు. పాత మిక్సీ గిన్నెలు, చిక్కులు పడ్డ చార్జర్లు, ఎవరింట్లోనో ఊడదీసిన కుళాయిలు. ఒక ఆదివారం అక్కడ పరిచిన పట్టా మీద, రిమోట్ల కుప్ప పక్కన, గుండ్రటి బిళ్ళ ఒకటి కనిపించింది. రిబ్బను చిరిగి దారాలు వేలాడుతున్నాయి. "వెండిది సార్, మూడొందలు" అన్నాడు కుర్రాడు. వెండి కాదు. అంచు తిప్పి చూస్తే సన్నటి అక్షరాల్లో నంబరు, హోదా, పేరు, యూనిట్ చెక్కి ఉన్నాయి. ఎవరో తండ్రి పతకం అది. బేరం ఆడకుండా కొన్నాను.

మా నాన్న ఆర్టిలరీలో హవల్దారు. ఆయన నల్ల ట్రంకు పెట్టె మా ఇంట్లో పదేళ్ళు బియ్యం బస్తా కింద ఎత్తుపీటగా పడి ఉంది. దాన్ని తెరిచాక కాగితాల కోసం ఎన్ని ఆఫీసులు తిరిగానో చూసి, కాలనీలో మిలిటరీ ఇళ్ళవాళ్ళు నన్ను అడగడం మొదలుపెట్టారు. ఎక్కువగా వచ్చే ప్రశ్నలు ఇవి.

నాన్న పోయారు. అన్నిటికన్నా ముందు ఏం చేయాలి?

మరణ ధ్రువపత్రం. 21 రోజుల్లోపు నమోదు చేయిస్తే పని తేలిక. ఏడాది దాటితే మేజిస్ట్రేటు స్థాయి అధికారి ఉత్తర్వు కావాలి, అప్పుడు తిరుగుడు మొదలు.

రెండోది, నాన్న ఏటీఎం కార్డు పక్కన పెట్టేయండి. తర్వాతి నెల పెన్షన్ ఖాతాలో పడుతుంది, కర్మకాండ ఖర్చులకని ఎవరో ఒకరు తీసేస్తారు. చనిపోయిన తేదీ తర్వాత పడిన సొమ్ము మీది కాదు, తిరిగి రాబట్టుకుంటారు. ఆ తేదీ వరకు రావాల్సిన బకాయి మాత్రం వారసులదే, అడిగి తీసుకోండి.

మూడోది, చనిపోయిన సంగతి పెన్షన్ వ్యవస్థకు తెలియజేయడం. ఇప్పుడు సైనిక పెన్షన్లు ప్రయాగ్‌రాజ్‌లోని రక్షణ పెన్షన్ల కార్యాలయం నడిపే 'స్పర్శ్' పోర్టల్ ద్వారా వస్తున్నాయి. మరణ ధ్రువపత్రం, అమ్మ ఆధార్, పాన్, బ్యాంకు ఖాతా, పీపీఓ (పెన్షన్ చెల్లింపు ఉత్తర్వు) కాపీ దగ్గర పెట్టుకుంటే ఇంట్లో పిల్లలే చేసేయగలరు. చేతకాకపోతే సోమాజిగూడలోని సైనిక్ వెల్ఫేర్ ఆఫీసుకు వెళ్ళండి. మనకు పంజాగుట్ట మెట్రోలో దిగితే దగ్గరే. ఒరిజినల్ కాగితాలు చూపించండి, వదిలిరావద్దు. మా అమ్మ పీపీఓ ఒరిజినల్‌ను ఒక బ్యాంకు శాఖలో "ఫైల్లో పెట్టాం" అని తీసుకున్నారు. ఆ శాఖ ఇంకో శాఖలో కలిసిపోయింది. ఫైలు ఎందులో కలిసిందో ఈనాటికీ తెలియదు.

పీపీఓలో అమ్మ పేరు ఒకటి, ఆధార్‌లో ఇంకొకటి. ఏం చేయాలి?

ఇది తెలుగు ఇళ్ళలో వచ్చినంతగా ఇంకెక్కడా వస్తుందనుకోను. నాన్న భర్తీ అయ్యేనాటికి పెళ్ళి కాలేదు. తర్వాత సెలవు మీద వచ్చి పెళ్ళి చేసుకుని, తిరిగి వెళ్ళి యూనిట్ క్లర్కుకు చెప్పారు. ఆ క్లర్కు ఏ పంజాబీయో, కుమావూనీయో. నాన్న "లచ్చుమమ్మ" అన్నారు, ఆయన తన చెవికి వినపడినట్టు రాశారు. ఇంటిపేరు రాయలేదు, లేదా నాన్న పేరునే అమ్మ ఇంటిపేరుగా తగిలించారు. ఆధార్ వచ్చేసరికి అమ్మ వెంకటలక్ష్మమ్మ అయింది. పుట్టిన తేదీ సంగతి అడగనే అక్కర్లేదు, అందరికీ జనవరి 1 లేదా జూలై 1.

సైన్యంలో పెళ్ళి, పిల్లల పుట్టుక, పేరు మార్పు అన్నీ 'పార్ట్ టూ ఆర్డర్' ద్వారా రికార్డులోకి ఎక్కుతాయి. అందులో ఎక్కనిది వాళ్ళ దృష్టిలో జరగనట్టే. నాన్న బతికుంటే ఆయన సంతకంతో ఒక దరఖాస్తు, ఒక అఫిడవిట్ చాలు. ఆ పని ఈ వారమే చేయించండి. ఆయన లేకపోతే అమ్మ పేరుతో అఫిడవిట్, రెండు పేర్లూ ఒకే మనిషివని చెప్పే ధ్రువపత్రం, ఆధార్, ఉంటే పాత జాయింట్ ఫొటో జతచేసి, జిల్లా సైనిక్ వెల్ఫేర్ ఆఫీసు ద్వారా నాన్న రెజిమెంట్ రికార్డ్స్ ఆఫీసుకు పంపాలి. వాళ్ళు సరిచేస్తే సవరించిన పీపీఓ వస్తుంది. పోర్టల్లో పేరు మార్చమని బ్యాంకు కౌంటర్ దగ్గర గొడవపడి లాభం లేదు, బ్యాంకు చేతిలో ఆ అధికారం లేదు.

అమ్మ పేరే అసలు లేకపోతే? అదీ జరుగుతుంది. దారి అదే, కాకపోతే పెళ్ళికి రుజువులు ఎక్కువ అడుగుతారు. రేషన్ కార్డు, ఓటరు జాబితా, పిల్లల టీసీలు, ఏవి ఉంటే అవి.

అమ్మకు ఎంత వస్తుంది?

రిటైరై ఇంట్లో పోయినవారి భార్యకు మామూలు ఫ్యామిలీ పెన్షన్: చివరి జీతంలో 30 శాతం. నాన్న పోయిన నాటి నుంచి 7 ఏళ్ళు, లేదా బతికుంటే ఆయనకు 67 నిండే తేదీ వరకు, ఏది ముందైతే అంతవరకు 50 శాతం లెక్కన ఇస్తారు. సర్వీసులో ఉండగా పోతే ఆ ఎక్కువ రేటు 10 ఏళ్ళు. సర్వీసు కారణంగా పోతే 60 శాతం, యుద్ధంలోనో ఉగ్రవాదులతో పోరులోనో పోతే చివరి జీతమంతా. ఏడో వేతన సంఘం తర్వాత కనీస మొత్తం నెలకు 9,000 రూపాయలు, దానిపైన కరువు భత్యం. అమ్మకు 80 నిండితే 20 శాతం అదనం, 85కు 30, 90కి 40, 95కు 50. నూరేళ్ళు నిండితే రెట్టింపు. పుట్టిన తేదీ తప్పు పడితే ఇక్కడ డబ్బు పోతుంది, అందుకే పైన అంత చెప్పాను.

నాన్నకు పరాక్రమ పతకం ఉంటే దాని నెలసరి భత్యం కూడా అమ్మకు వస్తుంది. మహావీర్ చక్రకు 10,000, వీర్ చక్రకు 7,000, పరాక్రమానికి ఇచ్చిన సేనా మెడల్‌కు 2,000. ఇవి 2017 ఆగస్టు నుంచి ఉన్న రేట్లు. ఏటా లైఫ్ సర్టిఫికెట్ మరిచిపోతే మొత్తం ఆగిపోతుంది. మాజీ సైనికుల వైద్య పథకం ఈసీహెచ్‌ఎస్‌లో పెన్షనరు భార్యకు హక్కు కొనసాగుతుంది, కార్డు మాత్రం మార్పించుకోవాలి.

అమ్మ కూడా లేదు. పిల్లలకు వస్తుందా?

కొడుక్కి 25 ఏళ్ళ వరకే. పెళ్ళికాని, భర్తను కోల్పోయిన, విడాకులు పొందిన కూతురికి, తల్లిదండ్రుల మీద ఆధారపడినదై ఉండి, ఆదాయం పరిమితి లోపల ఉంటే, 25 దాటాక కూడా. వైకల్యం వల్ల సంపాదించుకోలేని బిడ్డకు జీవితాంతం. ఆ బిడ్డ పేరు తల్లిదండ్రులు బతికుండగానే రికార్డులో ఎక్కించడం మంచిది. తర్వాత మేనమామలు, బాబాయిలు పడే తిప్పలు చూడలేం.

నాన్న పెన్షన్ రాకుండానే బయటికి వచ్చేశారు. అమ్మకు ఏమీ లేదా?

పెన్షన్ లేదు. కానీ హవల్దారు, అంతకన్నా కింది హోదాలో పనిచేసి పెన్షన్ లేకుండా వచ్చినవారి భార్యకు, 65 దాటి వేరే ఆదాయం లేకపోతే, కేంద్రీయ సైనిక్ బోర్డు ద్వారా నెలనెలా సాయం ఉంది. 2025 నవంబరు 1 నుంచి దాన్ని 4,000 నుంచి 8,000 రూపాయలకు పెంచారు. దరఖాస్తు జిల్లా సైనిక్ వెల్ఫేర్ ఆఫీసు ద్వారానే. ఇది చాలామందికి తెలియక వదిలేసుకుంటున్న సొమ్ము.

పెట్టెలో డిశ్చార్జి బుక్ లేదు. నాన్న ఎక్కడెక్కడ పనిచేశారో ఎలా తెలుస్తుంది?

డిశ్చార్జి బుక్ ఉంటే మీరు అదృష్టవంతులు. భర్తీ తేదీ, బయటికి వచ్చిన తేదీ, ఎందుకు వచ్చారు, పతకాలు, ఎత్తు, పుట్టుమచ్చలు, చివర్లో నడవడి ఒక్క మాటలో. మా నాన్న పుస్తకంలో ఎడమ కనుబొమ మీద మచ్చ అని రాసి ఉంది. ఆ మచ్చ నాకు గుర్తే లేదు. ఫొటో తీసి దీపం దగ్గర పెట్టి చూస్తే ఉంది.

పుస్తకం లేకపోతే సర్వీసు నంబరు వెతకండి. పెన్షన్ పాస్‌బుక్ మీద, క్యాంటీన్ కార్డు మీద, పాత మనియార్డర్ రసీదు మీద, ట్రంకు మూత మీద తెల్ల పెయింటుతో, పతకం అంచున ఎక్కడో ఒకచోట ఉంటుంది. అది దొరికితే సగం పని అయినట్టే.

జవాన్ల, జేసీఓల రికార్డులు ఢిల్లీలో ఒకేచోట ఉండవు. ఏ రెజిమెంట్‌వి ఆ రికార్డ్స్ ఆఫీసులో ఉంటాయి. ఆర్టిలరీది నాసిక్ రోడ్, మద్రాస్ రెజిమెంట్‌ది వెల్లింగ్టన్, మద్రాస్ ఇంజనీర్స్‌ది బెంగళూరు, సిగ్నల్స్‌ది జబల్‌పూర్, మెడికల్ కోర్‌ది లక్నో. నాన్న ఈఎంఈలోనో, ఆర్డినెన్స్ కోర్‌లోనో ఉంటే రైలెక్కనక్కర్లేదు, రెండూ సికింద్రాబాద్‌లోనే. వాయుసేనది ఢిల్లీ సుబ్రోతో పార్క్, నేవీ సెయిలర్లది ముంబై మాన్‌ఖుర్ద్.

వారసుడిగా మరణ ధ్రువపత్రం, మీ బంధుత్వ రుజువు జతచేసి మామూలు ఉత్తరమే రాయండి. పలకకపోతే సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల ఫీజుతో అడగొచ్చు, 30 రోజుల్లో జవాబివ్వాలి. కానీ వ్యక్తిగత సమాచారం విషయంలో ఆ చట్టం 2025 నవంబరు సవరణతో బిగుసుకుంది. అందుకే మూడో మనిషిలా కాకుండా వారసుడిగా అడగమంటాను. ఇంకొక చేదు నిజం: పెన్షన్ లేకుండా బయటికి వచ్చినవారి సర్వీసు కాగితాలను సైన్యం 25 ఏళ్ళ తర్వాత ధ్వంసం చేస్తుంది. "రికార్డు అందుబాటులో లేదు" అని జవాబు వస్తే అక్కడితో ఆగొద్దు. 'లాంగ్ రోల్' అనే రిజిస్టరు శాశ్వతంగా ఉంచుతారు. అందులో మనిషికి ఒక్క వరుసే ఉంటుంది. ఆ వరుస నకలు ఇవ్వమని పేరు పెట్టి అడగండి.

నాన్న 71 యుద్ధంలో ఉన్నానని చెప్పేవారు. నిజమో కాదో తెలుసుకునే దారి ఉందా?

రిబ్బన్లే చెబుతాయి. 1971లో తూర్పు రంగంలో ఉన్నవారికి పూర్వీ స్టార్, పశ్చిమ రంగంలో ఉన్నవారికి పశ్చిమీ స్టార్. 1965 యుద్ధానికి సమర్ సేవా స్టార్. కార్గిల్‌కు ఆప్ విజయ్ స్టార్. స్టార్ లేకుండా 71 నాటి సంగ్రామ్ మెడల్ మాత్రమే ఉంటే ఆ రోజుల్లో సర్వీసులో ఉన్నారు, పోరు జరిగిన చోట కాకుండా వెనకవైపున అయ్యుండొచ్చు. అది తక్కువేం కాదు. ఫిరంగి ముందు ఒకరుంటే, దానికి గుండ్లు మోసేవాళ్ళు, లారీ నడిపేవాళ్ళు, రొట్టెలు కాల్చేవాళ్ళు వెనక పదిమంది ఉంటారు. సైన్య సేవా మెడల్ ఉంటే దాని రిబ్బను మీది పట్టీ చదవండి, హిమాలయ, జమ్మూ కశ్మీర్ అని ఆయన చలిలో గడిపిన చోటు రాసి ఉంటుంది. 9 ఏళ్ళు, 20 ఏళ్ళు, 30 ఏళ్ళ సర్వీసుకు వేరే పతకాలు. 1972లో స్వాతంత్ర్య రజతోత్సవానికి ఇచ్చింది ఇంకొకటి. అది చూసి యుద్ధ పతకమని పొరబడేవాళ్ళు చాలామంది.

ఇంటికి చేరని పతకాలూ ఉంటాయి. నాన్నకు అర్హత ఉండి రాకపోతే రికార్డ్స్ ఆఫీసుకే రాయాలి.

నాన్న హోదాను పెళ్ళి శుభలేఖలో వేయొచ్చా?

ఆయన సంపాదించుకున్న హోదాను నిస్సంకోచంగా వేయండి. రాజ్యాంగం 18వ అధికరణ బిరుదుల్ని రద్దు చేస్తూ సైనిక, విద్యా సంబంధమైన వాటిని మినహాయించింది. రిటైర్మెంటు వేళ ఇచ్చే ఆనరరీ కెప్టెన్, ఆనరరీ లెఫ్టినెంట్ కూడా నిజమైన గౌరవాలే, 'ఆనరరీ' అన్న మాట మింగేయకుండా ఉంటే చాలు. వీర్ చక్ర లాంటివి పేరు తర్వాత రాస్తారు, ముందు బిరుదులా తగిలించరు.

మన దగ్గర జరిగే పొరపాటు వేరే. ఫిరంగి దళంలో బ్యాటరీ హవల్దార్ మేజర్‌గా రిటైరైన ఒకాయనను, కొడుకు శుభలేఖలో "కీ.శే. మేజర్" చేసేశాడు. పెళ్ళికి వచ్చిన ఆయన పాత స్నేహితులు భోజనాల దగ్గర నవ్వుకున్నారు. హవల్దార్ మేజర్ అంటే బ్యాటరీ మొత్తం వణికే మనిషి, ఆ మాట అలాగే వేసి ఉంటే వాళ్ళు నవ్వేవాళ్ళు కాదు.

ఆయన పతకాలు నేను పెట్టుకోవచ్చా? యూనిఫారం?

పతకాలు పెట్టుకోవచ్చు, ఒక పద్ధతిలో. 2019లో సైన్యం స్పష్టంగానే అనుమతించింది: యుద్ధ స్మారకాల దగ్గర నివాళి కార్యక్రమాల్లో, సైనిక శ్మశానాల్లో, అంత్యక్రియల్లో, చనిపోయిన సైనికుడి దగ్గరి బంధువు మామూలు బట్టల మీద ఛాతీకి కుడివైపు ధరించవచ్చు. ఎడమవైపు సంపాదించుకున్న వాళ్ళది. అంటే మీ అమ్మ చీర మీద కుడివైపు పెట్టుకుని సికింద్రాబాద్ పరేడ్ గ్రౌండ్స్‌లోని వీరుల సైనిక్ స్మారక్ దగ్గర జరిగే కార్యక్రమానికి వెళ్తే ఎవరూ అడ్డుచెప్పరు. అమీర్‌పేటలో రైలు మారితే పరేడ్ గ్రౌండ్ స్టేషన్. ఫంక్షన్ హాలుకు పెట్టుకెళ్ళడం మాత్రం ఆ అనుమతిలోకి రాదు.

యూనిఫారం వేరే సంగతి. సైనికుడు కానివాడు సైనికుడని నమ్మించే ఉద్దేశంతో ఆ దుస్తులు వేసినా, గుర్తులు ధరించినా భారతీయ న్యాయ సంహిత 168 ప్రకారం 3 నెలల వరకు జైలు, 2,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. మనవడి ఫ్యాన్సీ డ్రెస్సుకు ఆ ఉద్దేశం ఉండదు, భయపడకండి. నాన్న చొక్కాను గాజు చట్రంలో పెట్టుకోండి. ముందు నాఫ్తలీన్ ఉండలు తీసి ఎండలో కాకుండా నీడలో ఆరనివ్వండి, పాత ఊలు ఎండకు పొడిపొడి అవుతుంది.

పాడె మీద జాతీయ పతాకం కప్పొచ్చా?

జాతీయ గౌరవానికి అవమానాల నిరోధక చట్టం ప్రకారం పతాకాన్ని కప్పడం ప్రభుత్వ లాంఛనాల అంత్యక్రియలకు, సైనిక, పారామిలటరీ దళాల అంత్యక్రియలకు మాత్రమే. ఎవరింటి వాళ్ళు దుకాణంలో కొని కప్పడం నేరం, శిక్ష 3 ఏళ్ళ వరకు ఉండొచ్చు. మాజీ సైనికుడి విషయంలో సైనిక్ వెల్ఫేర్ ఆఫీసుకు లేదా స్టేషన్ హెడ్‌క్వార్టర్స్‌కు వెంటనే కబురు చేసి, వాళ్ళు ఏం పంపగలరో అడగండి. కప్పిన పతాకాన్ని చితిలో కాల్చకూడదు, గోతిలో దించకూడదు.

ఢిల్లీ యుద్ధ స్మారకం మీద నాన్న పేరు ఉంటుందా?

2019 ఫిబ్రవరి 25న ప్రారంభించిన జాతీయ యుద్ధ స్మారకం గోడల మీద 25 వేలకు పైగా పేర్లు ఉన్నాయి. అవన్నీ స్వాతంత్ర్యం తర్వాత పోరులో, సైనిక చర్యల్లో ప్రాణాలు పోయినవారివి. రిటైరై ఇంట్లో పోయినవారి పేరు అక్కడికి చేరదు. మన హైదరాబాదీ మేజర్ పద్మపాణి ఆచార్య పేరు ఉంటుంది. 2 రాజ్‌పుతానా రైఫిల్స్‌లో ఉండి 1999 జూన్ 28న కార్గిల్‌లో ప్రాణాలిచ్చారు, మహావీర్ చక్ర దక్కింది. 'ఎల్‌ఓసీ కార్గిల్' సినిమాలో నాగార్జున వేసింది ఆయన పాత్రే. ఆయన పోయాక పుట్టిన కూతురు పెద్దయ్యాక తండ్రి గురించి పుస్తకం రాసింది. ఒక్కసారి కూడా చూడని తండ్రి గురించి.

2020 జూన్ 15న గల్వాన్‌లో పోయిన సూర్యాపేట కల్నల్ సంతోష్‌బాబు కుటుంబానికి రాష్ట్ర ప్రభుత్వం 5 కోట్లు, ఉద్యోగం, ఇంటి స్థలం ఇచ్చింది. "మాకెందుకు ఇవ్వరు" అని అడిగేవాళ్ళు ఉన్నారు. అది ప్రభుత్వం ఆ సందర్భంలో తీసుకున్న నిర్ణయం. నియమంగా అందరికీ ఉన్న హక్కు కాదు.

నాన్న లైసెన్సు తుపాకీ ఇంట్లోనే ఉంది.

ఈ రోజే పోలీస్ స్టేషన్‌లోనో, లైసెన్సున్న ఆయుధ దుకాణంలోనో డిపాజిట్ చేసి రసీదు తీసుకోండి. లైసెన్సు నాన్నది, ఆయనతోనే పోయింది. వారసుడిగా మీరు కొత్తగా దరఖాస్తు చేసుకోవచ్చు, అది వచ్చేవరకు ఇంట్లో ఉంచుకుంటే ఆయుధాల చట్టం కింద కేసు. జ్ఞాపకంగా దాచిన తూటా ఏదైనా ఉంటే విమానం ఎక్కేముందు సంచి మూలమూలా వెతకండి.

పిల్లల చదువుకు, ఉద్యోగానికి పనికొస్తుందా?

ఇంజనీరింగ్ కౌన్సెలింగ్‌లో సైనికుల పిల్లల కోటా 2 శాతం ఉంది. ప్రాధాన్య క్రమంలో యుద్ధంలో పోయినవారి పిల్లలు ముందు, మామూలుగా రిటైరైనవారి పిల్లలు చివర. ఆఫీసర్లు కానివారి పిల్లలకు ప్రధానమంత్రి స్కాలర్‌షిప్ ఉంది, నెలకు అమ్మాయికి 3,000, అబ్బాయికి 2,500. ఉద్యోగాల్లో మాజీ సైనికుల కోటా నాన్నకే, మీకు దిగిరాదు. కారు మీద 'ఆర్మీ' స్టిక్కరుకు టోల్ మినహాయింపు లేదు, నంబరు ప్లేటు మీద అయితే జరిమానా.

మా తాత నిజాం సైన్యంలోనట. మా నాన్న సీఆర్‌పీఎఫ్. మాకు కూడా ఇదే దారా?

వేర్వేరు దారులు. సీఆర్‌పీఎఫ్, బీఎస్‌ఎఫ్ హోం శాఖ కిందివి, సైనిక్ బోర్డు పరిధి కాదు, వారి దళం ఆఫీసులోనే అడగాలి. ఆజాద్ హింద్ ఫౌజ్ వాళ్ళది స్వాతంత్ర్య సమరయోధుల పెన్షన్ ఫైలు.

తాత కాగితం మీద '19 హైదరాబాద్ రెజిమెంట్' అని ఉంటే హైదరాబాద్‌లో వెతకొద్దు. నిజాం కంటింజెంట్ నుంచి వచ్చిన పేరే తప్ప, అందులో ఎక్కువమంది ఉత్తరాదివాళ్ళు. 1945లో దాని పేరు కుమావూన్ రెజిమెంట్‌గా మార్చారు, కేంద్రం రాణీఖేత్. నిజాం సొంత సైన్యంలోని 1 హైదరాబాద్ పదాతిదళం వేరు. అది 1941 డిసెంబరులో మలయాలోని కోటాబారు విమానాశ్రయం దగ్గర జపాన్ సైన్యాన్ని ఎదుర్కొంది. ప్రపంచ యుద్ధాల్లో చనిపోయినవారైతే కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ జాబితాలో పేరుతో వెతకొచ్చు. ఇంటిపేరు లేకుండా, స్పెల్లింగు నాలుగు రకాలుగా మార్చి వెతకండి. సమాధి లేనివారి పేర్లు రంగూన్, సింగపూర్ లాంటి చోట్ల ఫలకాల మీద ఉంటాయి.

సంతలో కొన్న ఆ పతకం ఏమైంది?

అంచు మీది యూనిట్ పేరును బట్టి రికార్డ్స్ ఆఫీసుకు ఉత్తరం రాశాను, ఫొటోలు జతచేశాను. ఒక నకలు సైనిక్ వెల్ఫేర్ ఆఫీసుకు ఇచ్చాను. పతకం ఒరిజినల్ పంపలేదు, కుటుంబం దొరికాక చేతికే ఇద్దామని. నంబరులో చివరి రెండు అంకెలు అరిగిపోయాయి. భూతద్దంతో చూస్తే ఒకటి 3 లాగానూ 8 లాగానూ ఉంది. ఉత్తరంలో రెండూ రాశాను.